అమ్మ మొహం కూడా ఇంజినే

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆన్‌లైన్ గేముల్లో డబ్బులు పోగొట్టుకున్న వాళ్ళ గురించి మీ పేపర్లో వరసగా వచ్చాయి, అన్నీ చదివా, మంచి పని చేశారు. నేను రాసేది మాత్రం రమ్మీ గురించి కాదండీ, చదరంగం గురించి. చెస్ అనగానే బుర్రకి మంచిది, పిల్లలకి మంచిది అనేసి ఇంక ఎవరూ ఆలోచించరు, నేనూ అంతే, రీల్స్ చూసేకంటే నయం కదా అని ఫోన్ చేతికిచ్చా. మా అమ్మాయికి 12 ఏళ్ళు, ఏడో క్లాసు. ఉండేది గుంటూరు, చెస్ గ్రాండ్‌మాస్టర్లు ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణల ఊరు, కాబట్టి ఇక్కడ పిల్ల నాలుగు గేములు గెలిస్తే చాలు ఎదురింటి వాళ్ళ దగ్గర్నుంచి పాలు పోసే ఆయన దాకా "ఇంకో హారిక అవుతుందండీ మీ అమ్మాయి" అంటారు, వింటానికి బానే ఉంటుంది, ఆ బానే ఉండటమే కొంప ముంచింది.

చెస్ ఆడని వాళ్ళ కోసం ముందు ఒక్క సంగతి చెప్తా. కంప్యూటర్లో, ఫోన్లో ఆట చూస్తుంటే బోర్డు పక్కన నిలువుగా సన్నటి పట్టీ ఒకటి ఉంటుంది, సగం తెలుపు సగం నలుపు, జ్వరం చూసే థర్మామీటర్లో పాదరసం లాగా తెలుపు పైకీ కిందకీ జరుగుతా ఉంటుంది. దాని పక్కనే ఒక నంబర్. 0.0 అంటే ఇద్దరూ సమానం, +1 అంటే తెల్లకి సుమారుగా ఒక బంటు ఎక్కువున్నంత లాభం, మైనస్ వస్తే నల్లది పైచేయి. పిల్లలు దాన్ని ఎవాల్ బార్ అంటారు. ఆ నంబర్ చెప్పేది ఇంజిన్, అంటే చెస్ లెక్కేసే ప్రోగ్రామ్. అందరూ వాడేది స్టాక్‌ఫిష్, పైసా కట్టక్కర్లేదు. 1997లో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ని ఓడించిన డీప్ బ్లూ అనే కంప్యూటర్ రెండు బీరువాలంత ఉండేదట, ఇప్పుడు స్టాక్‌ఫిష్ నా పదివేల రూపాయల ఫోన్లో నడుస్తుంది, అంతకంటే ఎంతో గట్టిది కూడా. మాగ్నస్ కార్ల్‌సన్ అనే మాజీ ప్రపంచ ఛాంపియన్ జీవితంలో తెచ్చుకున్న బెస్ట్ రేటింగ్, అంటే ఆట బలం చెప్పే నంబర్, 2882, ఇంజిన్లవి 3500 పైన ఉంటాయి. అంటే ప్రపంచంలో ఏ మనిషీ గెలవలేని ఆటగాడు నా హ్యాండ్‌బ్యాగ్‌లో పర్సు పక్కన పడి ఉన్నాడన్నమాట.

ఇంక అసలు కథ. పోయిన ఎండాకాలం సెలవుల్లో ఒక ఆన్‌లైన్ టోర్నమెంట్‌లో పాపని ఆడించాం, ఎవరు పెట్టారో పేరు వద్దులెండి. ఎంట్రీ 300, ఏడు రౌండ్లు, ఒక్కొక్కళ్ళకి 10 నిమిషాలు, ఎత్తుకి 5 సెకన్లు అదనం. అందరూ జూమ్ ఆన్ చేసి కూర్చోవాలి, మొహమూ చేతులూ కనపడాలి. నాలుగో రౌండ్లో మా అమ్మాయికి ఒక పిల్లాడు పడ్డాడు. వాడు ఆడిన తీరు చెప్తా, మీరే ఆలోచించండి. మామూలుగా పిల్లలు ఎదుటి వాళ్ళు ఏనుగుని కొడితే తిరిగి కొట్టటానికి ఒక్క సెకను కూడా తీసుకోరు, ఎందుకంటే అక్కడ ఆలోచించేదేం లేదు, కష్టమైన చోట మాత్రం రెండు నిమిషాలు గోళ్ళు కొరుకుతారు. ఈ పిల్లాడికి అన్నీ ఒకటే, తిరిగి కొట్టేదానికీ ఏడు సెకన్లే, ఎవరికీ తట్టని ఎత్తుకీ ఏడు సెకన్లే, కుక్కర్ విజిల్‌కి టైం కట్టినట్టు. ప్రతి ఎత్తుకీ ముందు కళ్ళు ఒకసారి కుడి పక్కకి పోయి వచ్చేవి. 31 ఎత్తుల్లో మా పిల్ల ఓడిపోయింది. తర్వాత గేమ్ విశ్లేషణ పెడితే వాడి యాక్యురసీ, అంటే ఎత్తులు ఇంజిన్ చెప్పేవాటికి ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే లెక్క, 97 శాతం.

నాకు ఒళ్ళు మండిపోయింది. వెంటనే టోర్నమెంట్ వాట్సాప్ గ్రూపులో ఇంత పొడుగు మెసేజ్ పెట్టా, ఇంకో ఇద్దరు అమ్మలు కూడా అవునవును మా వాడిని కూడా ఇట్టాగే కొట్టాడు అన్నారు, ఎవరో ఆ పిల్లాడి జూమ్ ఫోటో కూడా పెట్టారు, పెట్టకుండా ఉండాల్సింది. నిర్వాహకులు "ప్రూఫ్ ఏమైనా ఉందా మేడమ్" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. 97 శాతం ఉంది కదా అన్నా. తర్వాత మా పాప కోచ్ చెప్పారు, చిన్న గేము అయితే, ఓపెనింగ్, అంటే మొదటి ఎత్తులు, ఇద్దరికీ కంఠతా వచ్చిందే అయితే, ఎదుటి వాళ్ళు తొందరగా ఒక తప్పు చేస్తే 97 మామూలు పిల్లలకి కూడా వస్తుంది అమ్మా, మీ అమ్మాయికే రెండు సార్లు వచ్చింది చూసుకోండి అని. చూసుకున్నా. వచ్చింది.

ఆరో రౌండ్ గురించి ఇప్పుడు రాయాలి, నేను ఈ ఉత్తరం మొదలెట్టిందే దాని కోసం.

మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్, దాని ముందు పాప. లాప్‌టాప్ కెమెరా పాపని చూస్తుంది. నేను టేబుల్‌కి ఇటు పక్క, అంటే లాప్‌టాప్ వెనకాల, పాపకి ఎదురుగా కూర్చుంటా, కెమెరాకి నేను కనపడను. నా చేతిలో నా ఫోన్. అందులో అదే గేమ్ చూస్తూ, ఎత్తులన్నీ పక్కన విశ్లేషణ బోర్డులో నొక్కుకుంటూ, ఇంజిన్ ఆన్ చేసుకుని కూర్చునేదాన్ని. నేను చెస్ పెద్దగా ఆడను, పావులు ఎట్టా నడుస్తాయో తెలుసు, అంతే. ఆ నంబర్ లేకపోతే పిల్ల గెలుస్తుందో ఓడుతుందో నాకు అర్థం కాదు, టెన్షన్ తట్టుకోలేక చూసుకునేదాన్ని. పాపకి ఒక్క మాట చెప్పింది లేదు, సైగ చేసింది లేదు, దేవుడి మీద ఒట్టు.

ఆ రౌండ్లో 20 ఎత్తుల దాకా నంబర్ 0.3, 0.4 దగ్గరే ఆడుతుంది. ఇంతలో అవతలి అమ్మాయి ఏదో బంటు జరిపింది, నా ఫోన్లో తెల్ల పట్టీ ఒక్కసారిగా పైకి లేచింది, +3.8. నేను టీ తాగబోతున్నా. గ్లాసు నోటి దగ్గర ఉంది, అట్టాగే ఆగిపోయా. మా పిల్ల చెయ్యి అప్పటికే మౌస్ మీద ఉంది, ఏదో మామూలు ఎత్తు వేయబోతుంది, నా వంక చూసింది, మౌస్ వదిలేసింది. రెండు నిమిషాలు బోర్డులోకి చూస్తా కూర్చుంది. తర్వాత గుర్రాన్ని తీసుకెళ్ళి ఎఫ్7 గడిలో బంటు మీద పడేసింది, రాజు దాన్ని కొట్టక తప్పలేదు, అక్కడ నుంచి మంత్రి వచ్చింది, ఇంక ఆట పదెత్తుల్లో అయిపోయింది. నాకు ఆనందం పట్టలేదు, గుర్రం బలి ఇచ్చింది మా పిల్ల, ఎంత తెలివి అని మా ఆయనకి ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పా.

రాత్రి అన్నం తింటుంటే నాలుగో రౌండ్ పిల్లాడి సంగతి మళ్ళీ ఎత్తా, వాడు దొంగ, వాళ్ళ అమ్మానాన్నలకి సిగ్గు లేదు అని. పాప పప్పు కలుపుకుంటా అంది, "అమ్మా, నువ్వు ఆరో రౌండ్లో టీ గ్లాసు అట్టా పట్టుకుని ఆగిపోయావు చూడు, అప్పుడే నాకు అర్థమయింది."

"ఏం అర్థమయింది?"

"ఏదో ఉందని. ఏంటో తెలీదు. వెతికా, దొరికింది."

ఎప్పటి నుంచే ఇది అంటే, ఎప్పుడూ అంతే కదమ్మా, నువ్వు పెదవి కొరుక్కుంటే నేను బాలేను, నువ్వు కుర్చీలో వెనక్కి వాలితే బానే ఉన్నా అంది. దాని గొంతులో తప్పు చేశాననే భయం ఏ కోశానా లేదు, బస్సు ఎక్కేటప్పుడు మబ్బు పట్టిందా అని పైకి చూసినంత మామూలుగా చెప్పింది. నేను ముద్ద మింగలేకపోయా. గురివింద గింజ సామెత చిన్నప్పటి నుంచీ వింటున్నా, నా కింద ఉన్న నలుపు నాకు పన్నెండేళ్ళ పిల్ల చూపించింది.

మా ఆయన కొట్టిపారేశాడు. "నువ్వు ఎత్తు చెప్పలేదుగా, గుర్రం ఎఫ్7 అనేది దాని బుర్రలోంచే వచ్చింది, మొహం చూస్తే కాపీ అవుద్దా" అన్నాడు. ఎడిటర్ గారూ, సరిగ్గా ఈ వాదన గురించే రాద్దామనుకున్నా. మా చెస్ అమ్మానాన్నల గ్రూపుల్లో చాలామంది ఇదే అంటారు, ఎత్తు చూస్తే తప్పు గానీ నంబర్ చూస్తే తప్పేంటి, నంబర్ అంటే స్కోరు లాంటిదే కదా, క్రికెట్లో స్కోర్‌బోర్డు బ్యాట్స్‌మన్‌కి కూడా కనపడుద్ది కదా అని.

కాదండీ. క్రికెట్ స్కోరు అయిపోయిన దాన్ని చెప్తుంది. ఈ నంబర్ ఇంకా ఎవరూ ఆడని ఎత్తు లోపల దాక్కుని ఉందని చెప్తుంది. మీ ఆదివారం పేజీలో ఎప్పుడైనా చెస్ పజిల్ వేస్తే కింద ఏం రాస్తారు, తెల్ల ఆడి మూడెత్తుల్లో గెలవాలి అని రాస్తారు. ఆ ఒక్క లైను తీసేసి ఉత్త బొమ్మ వేయండి, ఎంతమంది చెప్తారో చూద్దాం. గెలుపు ఉంది అని తెలిస్తే వెతుకుతాం, వెతికితే మా పిల్లకి కూడా దొరుకుద్ది, రోజూ యాప్‌లో యాభై పజిళ్ళు చేస్తుంది మరి. నిజం ఆటలో ఆ లైను ఎవరూ రాసిపెట్టరు. నలభై ఎత్తుల్లో ఏ ఎత్తు దగ్గర ఆగాలి, ఎక్కడ టైం ఖర్చు పెట్టాలి అనేది కనిపెట్టటమే ఆటలో సగం, నన్నడిగితే సగం కంటే ఎక్కువ. మా పిల్లకి నా టీ గ్లాసు ఇచ్చింది సరిగ్గా ఆ సగాన్నే.

దీనికి ఇంతకంటే మంచి ఉదాహరణ మీకూ తెలుసు. 2024 డిసెంబర్ 12, సింగపూర్, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మన గుకేశ్, చైనా డింగ్ లిరెన్ ఆఖరి గేమ్. మేమంతా టీవీకి ఫోన్ కలిపి చూస్తున్నాం, ఆట డ్రా అయిపోతుందని అందరూ అంటున్నారు, 55వ ఎత్తులో డింగ్ ఏనుగుని ఎఫ్2కి తెచ్చాడు. ఎవాల్ బార్ ఢామ్మని పడిపోయింది, మా ఆయన సోఫాలోంచి లేచాడు, చెస్ రాని మా అత్తగారు కూడా "గెలిచాడా" అని అడిగింది. ప్రపంచం మొత్తానికి ఒక్క సెకన్లో తెలిసిపోయిన సంగతి తెలియనిది బోర్డు దగ్గర కూర్చున్న ఆ ఇద్దరికే. తర్వాత గుకేశే చెప్పాడు, అది తప్పు ఎత్తు అని వెంటనే గమనించలేదు, వేరే ఎత్తు వేయబోయి, డింగ్ బిషప్ ఇరుక్కుంటుందని అప్పుడు చూశానని. ఆ కొన్ని సెకన్లలో ఆ పద్దెనిమిదేళ్ళ అబ్బాయి బార్ లేకుండా తన కళ్ళతో తను చూశాడు, అందుకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అక్కడ ఎదురుగా నా లాంటి అమ్మ టీ గ్లాసుతో కూర్చుంటే ఆ టైటిల్‌కి ఏం విలువ ఉండేది చెప్పండి.

ఇంకోటి. ఇదే గుకేశ్‌కి చిన్నప్పుడు కోచ్ విష్ణు ప్రసన్న చాలా కాలం ఇంజిన్ ముట్టుకోనివ్వలేదు, రేటింగ్ 2500 దాకా వచ్చే వరకూ అని చదివా. మేము మాత్రం 1300 రేటింగ్ పిల్లకి గేమ్ అయ్యీ కాకముందే ఇంజిన్ పెట్టి, ఇదిగో ఇక్కడ తప్పు చేశావు, ఇక్కడ కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు అని తిడతాం, ఎత్తు ఎందుకు తప్పో మాకు తెలిస్తే కదా, నంబర్ పడింది కాబట్టి తప్పు.

మోసాలు కొత్తేం కాదు లెండి. 2006లో ఢిల్లీలో ఒక ఆటగాడు టోపీలో బ్లూటూత్ కుట్టించుకుని దొరికితే పదేళ్ళు బ్యాన్ చేశారు. 2019లో ఇగోర్స్ రౌసిస్ అనే గ్రాండ్‌మాస్టర్, 58 ఏళ్ళ పెద్దమనిషి, ఫ్రాన్స్‌లో టోర్నమెంట్ మధ్యలో టాయిలెట్‌లో ఫోన్ చూసుకుంటూ దొరికాడు, టైటిలే తీసేశారు. మన దగ్గర అందరికీ గుర్తున్నది 2021 జూన్‌లో కరోనా విరాళాల కోసం విశ్వనాథన్ ఆనంద్ గారు ఆన్‌లైన్లో సెలబ్రిటీలతో ఆడిన ఆట, జెరోధా అనే షేర్ల కంపెనీ నిఖిల్ కామత్ ఆయన్ని ఓడించి, తర్వాత రోజు కంప్యూటర్ల సాయం, పక్కన విశ్లేషించే వాళ్ళ సాయం తీసుకున్నానని ఒప్పుకుని సారీ చెప్పాడు. అప్పుడు ఆనంద్ గారు పెద్దగా ఏమీ అనలేదు, నేను నా ముందున్న బోర్డు చూసి ఆడాను, అందరూ అట్టాగే ఆడతారని అనుకున్నా అన్నట్టు ఒక మాట పెట్టి ఊరుకున్నారు. అప్పట్లో ఆ కామత్‌ని నేను ఎంత తిట్టానో మా ఇంట్లో అందరికీ తెలుసు.

అట్టాగని ప్రతి వాడినీ దొంగ అనటం మొదలెడితే అదింకో రోగం. మాజీ ప్రపంచ ఛాంపియన్ క్రామ్నిక్ 2023 నుంచీ ఆన్‌లైన్లో వీళ్ళ మీదా వాళ్ళ మీదా అనుమానాలు పోస్ట్ చేస్తా వచ్చాడు, అమెరికా గ్రాండ్‌మాస్టర్ నకమూరాని కూడా వదల్లేదు, సైట్ వాళ్ళు లెక్కలు చూసి అందులో ఏం లేదన్నారు. అతను అనుమానించిన వాళ్ళలోనే ఒకడైన డానియెల్ నరోడిట్స్కీ అనే అమెరికా గ్రాండ్‌మాస్టర్, మా పాప యూట్యూబ్‌లో ఆయన పాఠాలు చూసేది, 2025 అక్టోబర్‌లో 29 ఏళ్ళకే చనిపోయాడు. దేనివల్ల పోయాడు అనేది చెప్పటానికి నేనెవర్ని, కానీ నేను బాగా ఆడితే చాలు జనం చెడుగా అనుకుంటున్నారు అని ఆయన ఆఖరి లైవ్‌లో బాధపడ్డాడు. అది విన్నాక నేను గ్రూపులో ఆ పిల్లాడి గురించి పెట్టిన మెసేజ్ తీసేద్దామని చూశా, అప్పటికి చాలా కాలం అయింది, డిలీట్ అవలేదు. అన్నట్టు టోర్నమెంట్ అయిన రెండు వారాలకి సైట్ నుంచి పాపకి ఒక మెసేజ్ వచ్చింది, మిమ్మల్ని ఓడించిన వాళ్ళలో ఒకరు రూల్స్ తప్పారు, మీకు 11 రేటింగ్ పాయింట్లు తిరిగి ఇస్తున్నాం అని. ఎవరో పేరు లేదు. మా పిల్ల ఆ నెలలో ఎంతమంది చేతిలో ఓడిందో, అందులో వాడే అని నేను ఎట్టా అనుకునేది?

సైట్ల వాళ్ళు ఎట్టా పట్టుకుంటారంటే ఎత్తులు ఇంజిన్ ఎత్తులతో ఎంత కలుస్తున్నాయి, ఆ రేటింగ్ వాళ్ళకి మామూలుగా ఎంత కలవాలి, ప్రతి ఎత్తుకీ ఎంత టైం తీసుకున్నారు, మధ్యలో వేరే విండోకి ఎన్నిసార్లు పోయారు, ఇవన్నీ చూస్తారట. అమెరికాలో కెన్నెత్ రీగన్ అనే ప్రొఫెసర్ దీని మీదే ఏళ్ళ తరబడి లెక్కలు కట్టాడు, ప్రపంచ చెస్ సంఘం ఫిడే వాళ్ళు ఆయన్నే అడుగుతారు. చాలా గేములు ఉంటే ఈ లెక్కలు బాగా పనిచేస్తాయి. కానీ ఆటకి ఒక్కసారి, ఒక్క ఎత్తు దగ్గర, ఇక్కడ ఆగు అని తెలిస్తే దాన్ని ఏ లెక్క పట్టుద్ది? మా పిల్ల వేరే విండోకి పోలేదు. రెండు నిమిషాలు నిజంగానే ఆలోచించింది, టైం చూసినా అచ్చం మనిషి ఆడినట్టే ఉంటుంది. కెమెరా వీపు నా వైపు ఉంది.

ఇంజిన్ పెట్టుకునే ఆడే పద్ధతి కూడా ఒకటుంది, కరస్పాండెన్స్ చెస్‌లో అంటే దూరం నుంచి ఒక్కో ఎత్తుకీ రోజులు తీసుకుని ఆడే ఆటలో, దాన్ని నడిపే ఐసీసీఎఫ్ సంఘం వాళ్ళు ఒప్పుకుంటారు, ఇద్దరి దగ్గరా ఉంటుంది, ఇద్దరికీ తెలుసు, అందులో తప్పు లేదు, అక్కడ పెద్ద స్థాయిలో దాదాపు అన్నీ డ్రాలే అవుతాయి, అది వేరే ఆట. పది నిమిషాల ఆటలో ఒక పక్కే అమ్మ ఉంటే అది ఏ ఆట?

అందుకని మీ పేపర్ ద్వారా ఆన్‌లైన్ టోర్నమెంట్లు పెట్టే వాళ్ళని ఒకటే అడుగుతున్నా. పిల్లల కెమెరా ఒక్కటే చూస్తే సరిపోదు, గదిలో ఇంకెవరూ ఉండకూడదని రాయండి, రాసి ఊరుకోకుండా మొదలయ్యే ముందు కెమెరా ఒకసారి గది అంతా తిప్పించండి. గేములు చూసే వాళ్ళకి పదిహేను నిమిషాలు ఆలస్యంగా చూపించండి, 2022లో సెయింట్ లూయిస్‌లో నీమన్ అనే కుర్రాడి చేతిలో ఓడి, అతని మీద అనుమానంతో కార్ల్‌సన్ టోర్నమెంట్ వదిలేసిన గొడవ జరిగినప్పుడు మిగతా రౌండ్లకి ఇదే చేశారు, అంత పెద్ద వాళ్ళు చేయగా లేనిది 300 రూపాయల టోర్నమెంట్‌కి నామోషీ ఏముంది. మీరు కూడా చెస్ వార్త అంటే ఎవరు గెలిచారో ఫోటో వేసి వదిలేయకుండా ఈ సంగతి ఒకసారి తెలుగులో వివరంగా రాయించండి, మా లాంటి అమ్మలకి ఇంగ్లీషులో రూల్స్ పేజీ చదివే ఓపిక ఉండదు, అగ్రీ నొక్కేస్తాం.

ఆ గుర్రం బలి గేమ్ కప్పు ఏం తేలేదు, మా పిల్లకి ఐదు పాయింట్లతో పార్టిసిపేషన్ సర్టిఫికెట్ వచ్చింది, ఫ్రేమ్ కట్టిద్దామని మా ఆయన అంటే వద్దన్నా. నిర్వాహకులకి మెసేజ్ పెట్టా, ఆరో రౌండ్ మా పాయింట్ తీసేయండి అని. అదేంటి మేడమ్, మీ మీద ఎవరూ కంప్లయింట్ ఇవ్వలేదుగా అన్నారు.

ఇప్పుడు పాప ఆడేటప్పుడు నేను వంటింట్లో ఉంటా, తలుపు వేసుకుని, ఫోన్ బీరువాలో పెట్టి. గేమ్ అయ్యాక ఇంజిన్ పెట్టే ముందు ఆట ఎక్కడ మలుపు తిరిగిందో తనే చెప్పాలి అని కోచ్ రూల్ పెట్టారు. మొన్న ఆదివారం గంట సేపు లోపల నుంచి ఒక్క చప్పుడు లేదు, గెలుస్తుందో ఓడుతుందో తెలియక దొండకాయ వేపుడు అట్టాగే కలుపుతా నిలబడ్డా, మాడిపోయింది. బయటికి వచ్చి "డ్రా" అంది. ఎక్కడ మలుపు అంటే, "27వ ఎత్తు దగ్గర ఏదో ఉండి ఉంటుందమ్మా, కానీ అప్పుడు నాకేం అనిపించలేదు" అని ప్లేట్ తెచ్చుకుని మాడిన దొండకాయలు ఏరుకుంటా కూర్చుంది. ఇంకా ఇంజిన్ పెట్టి చూడలేదు.

ఇట్లు,
ఒక చెస్ అమ్మ,
బ్రాడీపేట, గుంటూరు.